చైనా మూలికా మందు కడుపుకు పడకపోతే: కషాయమా, గ్రాన్యూల్సా, గుళికలా?

చైనా సంప్రదాయ మందు మొదలుపెట్టిన రెండు మూడు రోజులకు విరేచనాలు పట్టుకున్నాయంటే, ‘ఒంట్లో చెడంతా పోతోంది, కంగారుపడకండి’ అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఆ మాట పట్టుకుని మందు కొనసాగించకండి. కడుపు కదిలిందంటే దానికి కారణం దినుసులు రాసి ఇచ్చిన మందు చీటీలోనే ఉంటుంది. చాలాసార్లు అది ఒకటో రెండో దినుసులు. వాటి పేరు తెలిస్తే మందు మానాలా, మోతాదు తగ్గించాలా, కషాయం వదిలి గుళికలకు మారాలా అన్నది తేలిపోతుంది. తెలియకుండా రూపం ఎన్నిసార్లు మార్చినా అదే తిప్పలు.

సింగపూర్, మలేసియా, హాంకాంగ్‌లలో ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్లకూ, చైనాలో ఎంబీబీఎస్ చదివే పిల్లలకూ ఈ మందులు వీధి చివరి దుకాణంలోనే దొరుకుతాయి. పెట్టె మీద భాష మనకు రాదు, మనం వాడే బీపీ మాత్రల సంగతి అమ్మేవాళ్లకు తెలియదు. ఇబ్బందులు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.

ముందు గడియారం చూడండి

మందు మింగిన ఎంతసేపటికి ఇబ్బంది మొదలైందన్నదే మొదటి ఆధారం.

పావుగంట నుంచి గంటలోపు వికారం, వాంతి, పొట్ట పైభాగంలో మంట వస్తే, జీర్ణాశయం లోపొరను నేరుగా రేపే దినుసును అనుమానించాలి. దగ్గు మందుల్లోనూ నిద్ర మందుల్లోనూ వాడే యువాన్‌జి, జియెగెంగ్ వేళ్లలో సపోనిన్లు ఉంటాయి. సబ్బులా నురగ వచ్చే ఈ పదార్థాలు మోతాదు మించితే వాంతి తెప్పిస్తాయి. దెబ్బలకు, కీళ్ల నొప్పులకు ఇచ్చే మందుల్లో పరంగి సాంబ్రాణి, బోళం ఉంటాయి. ఈ బంకల వాసనకే కొందరికి కడుపులో తిప్పుతుంది. అందుకే అక్కడి ఫార్మసీల్లో వీటిని వెనిగర్‌తో వేయించి ఇస్తారు. వేయించనివి పడితే వికారం ఎక్కువ.

6 నుంచి 12 గంటల తర్వాత పొట్ట మెలిపెట్టి నీళ్లలా అయితే అది దాదాపుగా రేవల్చిన్ని, సునాముఖి కోవకు చెందిన దినుసు పనే. రాత్రి వేసుకుంటే తెల్లవారుజామున తెలుస్తుంది.

మూడు రోజుల నుంచి వారంలోపు ఆకలి మందగించి, పొట్ట ఉబ్బరించి, మలం జిగటగా అవుతుంటే, ‘బలానికి’ అని ఇచ్చే బరువైన దినుసులు కారణం. షూదిహువాంగ్ అనే నల్లటి జిగురు వేరు, గాడిద చర్మం నుంచి తీసే అజియావ్ బంక వీటిలో ముందుంటాయి.

వారాల మీద నీరసం, కాళ్ల వాపు, కొత్తగా మలబద్ధకం కనిపిస్తే అతిమధురాన్ని గుర్తు చేసుకోవాలి. నెలల మీద ఆకలి లేకపోవడం, కళ్లు పచ్చబడడం కాలేయం సంగతి. ఇంకా నెమ్మదిగా, ఏళ్ల మీద బయటపడే చిక్కు ఒకటుంది. దాన్ని గార్డీనియా అనే కాయ దగ్గర చెబుతాం.

లేబుల్ మీద మొట్టమొదట వెతకాల్సింది రేవల్చిన్ని

చైనాలో దీన్ని దాహువాంగ్ అంటారు. విదేశీ పెట్టెల మీద లాటిన్‌ పేరులో ‘రీయమ్’ (Rheum) లేదా ‘రీయై’ (Rhei) అనే మాట ఉంటుంది. మన ఆయుర్వేద, యునానీ దుకాణాల్లో రేవల్చిన్ని పేరుతో అమ్మేదీ ఈ జాతి వేరే. మలబద్ధకం మందులోనే ఉంటుందనుకుంటే పొరపాటు. జలుబు, జ్వరాలకు వాడే లియెన్‌హువా చింగ్‌వెన్ క్యాప్సూళ్లలో ఉంది. నోటిపూత, చిగుళ్ల వాపు, ‘వేడి చేసింది’ అన్నప్పుడల్లా కొనే హువాంగ్‌లియెన్ షాంగ్‌చింగ్ గుళికల్లో ఉంది. నియుహువాంగ్ జియెదు మాత్రల్లోనూ ఉంది. ఆ మాత్రల్లో ఆర్సెనిక్ ఉండే ఖనిజం కూడా కలుస్తుంది కాబట్టి విరేచనాల మాట అలా ఉంచి అసలు కొనవద్దనే చెబుతాం.

ఇది పనిచేసే తీరు తెలిస్తే మిగతా సలహాలన్నీ అర్థమవుతాయి. వేరులోని ఆంత్రాక్వినోన్ గ్లైకోసైడ్లు చిన్నపేగులో పెద్దగా ఇంకవు. పెద్దపేగు దాకా వెళ్లాక అక్కడి బ్యాక్టీరియా వాటిని విడగొడుతుంది. అప్పుడు పుట్టే పదార్థం పేగును బిగించి కదిలిస్తుంది, నీరు తిరిగి ఒంట్లోకి ఇంకకుండా ఆపుతుంది. అన్ని గంటలు ఆలస్యం కావడానికి కారణం ఇదే. మోషన్ రాలేదని రెండు గంటలకే ఇంకో మోతాదు వేసుకునేవాళ్లు మర్నాడు రెండింటినీ కలిపి అనుభవిస్తారు.

మరిగించే కొద్దీ ఈ గ్లైకోసైడ్లు విడిపోయి విరేచన గుణం తగ్గుతుంది. అందుకే విరేచనం కావాలంటే దాహువాంగ్‌ను చివరి 5 నిమిషాల్లో వేయమంటారు. వద్దనుకుంటే మొదటి నుంచీ మిగతా దినుసులతోపాటు ఉడికిస్తారు. ఒకే చీటీ, ఒకే బరువు, వేసే సమయం మారితే ఫలితం మారిపోతుంది. చీటీలో ‘చివర వేయాలి’ అని ఉందో లేదో అడిగి రాసుకోండి. సారాయితో వేయించిన రకం, ఆవిరిమీద ఉడికించిన రకం, మాడ్చిన రకం కూడా ఉన్నాయి. పచ్చి రకం కంటే ఇవన్నీ మెత్తగా పనిచేస్తాయి. విరేచనాలు ఎక్కువైతే వైద్యుడిని అడగాల్సిన మొదటి మార్పు, ‘పచ్చి దాహువాంగ్ బదులు వేయించినది ఇవ్వగలరా?’ అని.

చైనా ఫార్మకోపియా, అంటే అక్కడి అధికారిక ఔషధ ప్రమాణ గ్రంథం, దీనికి ఇచ్చే మోతాదు రోజుకు 3 నుంచి 15 గ్రాములు. ఈ 5 రెట్ల తేడాను తేలిగ్గా తీసుకోకూడదు. తేలిక ఆహారం తినే, 50 కిలోల బరువుండే మనిషికి 3 గ్రాములే చాలవచ్చు. ఇంకో సంగతి, ఈ వేరులో టానిన్లు అనే వగరు పదార్థాలు కూడా ఉంటాయి. విరేచనం అయ్యాక రెండు రోజులు పేగు బిగుసుకోవడానికి కారణం అవే. అది చూసి మళ్లీ మందు, మళ్లీ బిగింపు... అలవాటు పడేది ఇలాగే.

సునాముఖి, అంటే మన నేలతంగేడు ఆకు, చైనా చీటీల్లో ఫాన్‌షియెయె. తిరునెల్వేలి పేరు మీద ప్రపంచమంతా తెలిసిన ఆకే ఇది. ఫార్మకోపియా మోతాదు 2 నుంచి 6 గ్రాములు, సాధారణంగా వేడినీళ్లలో నానబెట్టి తాగుతారు. మెలిపెట్టే నొప్పి దాహువాంగ్ కంటే దీనితోనే ఎక్కువని వాడినవాళ్లు చెబుతారు. లూహుయ్ అంటే కలబంద నుంచి తీసిన ముసాంబరం. జుయెమింగ్‌జి అంటే మన తగిరిస జాతి గింజలు, సన్నబడే టీలలో వేస్తారు. జుట్టు నెరవకుండా వాడే హెషౌవు వేరు పచ్చిదైతే అదీ విరేచనకారే. మాంగ్‌షియావ్ మాత్రం మూలిక కాదు, సోడియం సల్ఫేట్ అనే లవణం. పేగులోకి నీటిని లాగి గంటల్లోనే పని ముగిస్తుంది. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు ఆ సోడియం మంచిది కాదు.

ఒకే రోజు జలుబు క్యాప్సూల్, నోటిపూత గుళిక, సన్నబడే టీ మూడూ తీసుకుంటే మూడుచోట్ల నుంచి ఒకే రకం మందు పడినట్టు. ఇది ఊహించినదానికంటే తరచుగా జరుగుతుంది.

అసలు కోరుకున్నది విరేచనమే అయితే

మలబద్ధకానికే చైనా మందు కావాలనుకునేవాళ్లు మాజిరెన్‌వాన్ అనే గుళికలకూ సునాముఖి టీకీ మధ్య తేల్చుకోవాలి. మాజిరెన్‌వాన్‌లో ప్రధానం నూనె ఉండే హెంప్ (గంజాయి జాతి) గింజలు. వాటితోపాటు బాదం జాతి గింజలు, బైషావ్ వేరు, రెండు వాయుహర దినుసులు ఉంటాయి. అందులోనూ దాహువాంగ్ ఉంది, ‘గింజల మందే కదా’ అని రోజూ మింగడానికి లేదు. 2011లో ప్రచురించిన హాంకాంగ్ పరిశోధనలో 7.5 గ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, 8 వారాలు ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మందు కంటే మెరుగ్గా పనిచేసింది. తర్వాత అక్కడే సునాముఖితో పోల్చినప్పుడు, మందు ఆపాక సునాముఖి లాభం దాదాపు పోయింది, మాజిరెన్‌వాన్ లాభం కొంత నిలిచింది.

కాబట్టి ఒకటి రెండు రోజుల ఇబ్బందికి, ప్రయాణాల్లో బిగుసుకున్నప్పుడు సునాముఖి తక్కువ మోతాదు చాలు, వారం దాటనివ్వకండి. నెల నుంచి నడుస్తున్న మలబద్ధకానికి వైద్యుడి పర్యవేక్షణలో మాజిరెన్‌వాన్ మేలు. ఏళ్లతరబడి ఉన్నదానికి మా ఓటు ఈ రెండింటికీ కాదు, ఇసబ్‌గోల్‌కు. ఒకటి రెండు చెంచాలు పెద్ద గ్లాసు నీళ్లతో తీసుకోవాలి. నీళ్లు తక్కువైతే అదే అడ్డం పడుతుంది. వేరే మందులకూ దానికీ రెండు గంటల ఎడం ఉంచండి. ఆంత్రాక్వినోన్ మందులు నెలల తరబడి వాడితే పెద్దపేగు లోపొర గోధుమ, నలుపు రంగుకు తిరుగుతుంది. కొలనోస్కోపీలో కనిపించే ఈ రంగు మందు ఆపితే చాలామందిలో నెమ్మదిగా తగ్గుతుంది. అసలు భయం రంగు గురించి కాదు, విరేచనాలతో ఒంట్లోంచి పోయే పొటాషియం గురించి. బీపీకి ఒంట్లో నీరు తీసే మాత్రలు, గుండెకు డిగాక్సిన్ వాడేవాళ్లు ఈ మందుల జోలికి పోకూడదు.

రూపాల మధ్య ఎంపిక

కషాయంలో దినుసు మార్చవచ్చు, గ్రాములు తగ్గించవచ్చు, ఉడికే సమయం మార్చవచ్చు. సున్నితమైన కడుపు ఉన్నవాళ్లకు ఈ వెసులుబాటు ఇంకే రూపంలోనూ ఉండదు. కానీ శ్రమ ఎక్కువ. పద్ధతి ఇది: దినుసులను అరగంట నానబెట్టాలి. నీళ్లు దినుసుల పైన రెండు మూడు సెంటీమీటర్లు నిలవాలి. పెద్ద మంట మీద పొంగు రానిచ్చి, సన్న మంట మీద 20–30 నిమిషాలు ఉంచి వడకట్టాలి. మళ్లీ నీళ్లు పోసి ఇంకో 15–20 నిమిషాలు. రెండు వడకట్టులూ కలిపితే 300–400 మిల్లీలీటర్లు రావాలి. దాన్ని రెండు పూటలకు పంచుకోవాలి. మట్టి, పింగాణీ లేదా స్టీలు గిన్నె వాడండి. ఇనుము, అల్యూమినియం వద్దు, టానిన్లు లోహంతో కలిసి రంగూ రుచీ చెడతాయి. వికారం వచ్చేవాళ్లు పూట మోతాదును ఒకే గుక్కలో తాగకుండా, భోజనమైన అరగంటకు, గోరువెచ్చగా, పావుగంటలో కొంచెం కొంచెంగా తాగితే చాలావరకు నిలుస్తుంది. మూడు పలుచని అల్లం ముక్కలు ఉడికేటప్పుడు వేయడం వాళ్ల పద్ధతిలోనూ ఉన్నదే.

ఆసుపత్రులే యంత్రంలో మరిగించి 150–200 మిల్లీలీటర్ల సంచుల్లో సీల్ చేసి ఇస్తుంటాయి. హాస్టల్ పిల్లలకు ఇదే సుఖం. చిక్కేమిటంటే, ‘ముందు వేయాలి’, ‘చివర వేయాలి’ అన్న తేడాలు యంత్రం దగ్గర పాటించారో లేదో మనకు తెలియదు. ఫ్రిజ్‌లో పెట్టడం తప్పనిసరి. సంచి ఉబ్బి కనిపిస్తే లోపల పులిసినట్టే, మరిగించినా తాగవద్దు. ఆ సంచి తాగాక వచ్చిన విరేచనాలకు మూలికను తిట్టుకుని లాభం లేదు.

గ్రాన్యూల్స్ రెండు రకాలు. చైనాలో ఒక్కో మూలికనూ విడిగా మరిగించి పొడి చేసి, చీటీ ప్రకారం కలిపి ఇస్తారు. పొట్లం మీద అది ఎన్ని గ్రాముల ఎండు మూలికకు సమానమో రాసి ఉంటుంది. కషాయం నుంచి దీనికి మారేటప్పుడు దాహువాంగ్ లెక్కను ప్రత్యేకంగా సరిచూడండి. కషాయంలో అరగంట ఉడికి మెత్తబడిన దినుసు ఇక్కడ విడిగా తయారై వస్తుంది, కనుక అదే లెక్కకు వేరేలా పనిచేయవచ్చు. జపాన్ సంప్రదాయ మందులైన కాంపో పొట్లాల్లో మందంతా కలిపే మరిగిస్తారు, ఆరబెట్టడానికి లాక్టోజ్ కలుపుతారు. ‘నాకు పాలు పడవు, అందుకే కాంపో పడలేదు’ అనే ముందు లెక్క చూడాలి. గ్లాసు పాలలో సుమారు 12 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది, రోజు మొత్తం పొట్లాలు సాధారణంగా 7.5 గ్రాములు, అందులో లాక్టోజ్ ఒక భాగమే. కాఫీలో పాలు తట్టుకునేవాళ్లకు ఇది అడ్డు కాకూడదు. చెంచాడు పాలకే ఉబ్బరించేవాళ్లు స్టార్చ్ కలిపిన రకం అడగండి. గోధుమ పడనివాళ్లు మాత్రం జాగ్రత్త. అజీర్తి మందుల్లో వేసే షెన్‌చు అనేది గోధుమ పొట్టు, పిండి పులియబెట్టి చేసేది.

తేనె గుళికలు చూడటానికి మన లేహ్యం ఉండల్లా ఉంటాయి, పెద్దవి ఒక్కొక్కటి 9 గ్రాములు. బరువులో సగం దాకా తేనే. రోజుకు రెండంటే షుగర్ ఉన్నవాళ్లు లెక్కలో వేసుకోవాల్సినంత చక్కెర. ఫ్రక్టోజ్ సరిగా అరగనివాళ్లకు దీంతోనే గ్యాస్ పుడుతుంది. పైగా ఇందులో మూలికను మరిగించరు, పొడిగానే కలుపుతారు. సంప్రదాయంలో ‘గుళిక నెమ్మది, కషాయం వేగం’ అంటారు. చాలా మందుల విషయంలో అది సరే. కానీ దాహువాంగ్ ఉన్న గుళికలో గ్లైకోసైడ్లు వేడికి విడిపోకుండా అలాగే ఉంటాయి, అందుకే తక్కువ బరువుకే పొట్ట కదులుతుంది.

సాంద్ర గుళికలు, అంటే మిరియం గింజంత నల్ల ఉండలు, పూటకు 8 చొప్పున రోజుకు మూడుసార్లు అని రాసి ఉంటాయి. కడుపు విషయంలో అనుమానం ఉన్నవాళ్లకు మేం ముందు సూచించేది ఇవే. 8 బదులు 3తో మొదలుపెట్టి, రెండేసి రోజులు చూసుకుంటూ పెంచవచ్చు. క్యాప్సూల్‌లో ఆ వీలుండదు. క్యాప్సూళ్ల గురించి ఇంకో హెచ్చరిక: కల్తీ దాచడానికి వాటంత సులువైనది లేదు. 2010లో హాంకాంగ్, సింగపూర్‌లలో పేరున్న కడుపు మందు పో చాయ్ క్యాప్సూల్ రూపాన్ని సిబుట్రమిన్, ఫినాల్ఫ్తలీన్ దొరికాయని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. మొదటిది నిషేధించిన బరువు తగ్గించే మందు, రెండోది పాతకాలపు విరేచనకారి. సన్నబడే టీ, క్యాప్సూళ్లు మర్నాటికే ‘అద్భుతంగా’ పనిచేస్తే అదే అనుమానించాల్సిన సంగతి. చైనా పెట్టె మీద జడ్ అక్షరం వెనక 8 అంకెల ఆమోద సంఖ్య, హాంకాంగ్‌లో హెచ్‌కేసీ లేదా హెచ్‌కేపీ సంఖ్య లేనిది కొనకండి.

ద్రవ మందుల్లో ఒకే పోలిక చెప్పుకుంటే చాలు. వికారం, విరేచనాలకు వాడే హువోషియాంగ్ జెంగ్‌చి మందు రెండు సీసాల్లో వస్తుంది. ‘షుయ్’ అని ఉన్న దాంట్లో 40–50 శాతం ఆల్కహాల్ ఉంటుంది, ‘కోఫూయె’ అని ఉన్న దాంట్లో ఉండదు. విరేచనాలకు మెట్రోనిడజోల్ వేసుకోవడం మనవాళ్లకు అలవాటు. దాని మీద ‘షుయ్’ సీసా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, విపరీతమైన వాంతులు రావచ్చు. సెఫోపెరాజోన్ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకూ అంతే. పిల్లలకూ, బండి నడిపేవాళ్లకూ, గ్యాస్ట్రైటిస్ ఉన్నవాళ్లకూ రెండో సీసానే.

బలం మందులు, చేదు మందులు, దురద దుంప

లియువెయ్ దిహువాంగ్‌వాన్ కిడ్నీ బలానికి, వయసు మీదపడిన నీరసానికి అని ఇస్తారు. మొత్తం 25 భాగాల్లో 8 భాగాలు షూదిహువాంగే. జిగురుగా, తియ్యగా ఉండే ఈ వేరు అరుగుదల తక్కువున్నవాళ్లకు ఆకలి చంపుతుంది. అలాంటప్పుడు మందు మానకుండా చేయగల మార్పులు మూడు. భోజనం తర్వాతకు జరపడం, తేనె గుళిక నుంచి సాంద్ర గుళికకు మారడం, యాలకుల జాతికి చెందిన షారెన్‌ను చివర 3 గ్రాములు వేయమని వైద్యుడిని అడగడం. వారంలో ఆకలి తిరిగి రాకపోతే ఆ మందు మీకు కాదు.

హువాంగ్‌లియెన్ అనే వేరు మహా చేదు. ఫార్మకోపియా మోతాదు 2–5 గ్రాములే. మన మానుపసుపులో ఉండే బెర్బెరిన్ ఇందులోనూ ఉంది. అది చైనాలో విరేచనాలు ఆపే చవక మాత్రగా అమ్ముడవుతుంది, అందుకే కొందరికి దీనితో మలబద్ధకం వస్తుంది, ఇంకొందరికి పొట్ట నొప్పి, పలుచని మోషన్. షుగర్‌కు అని బెర్బెరిన్ మాత్రలు, మెట్‌ఫార్మిన్ కలిపి వాడితే విరేచనాలకు ఏది కారణమో తేలదు. కొత్తగా చేర్చినదాన్ని ముందు ఆపండి. నవజాత శిశువులకూ, జీ6పీడీ లోపం (ఎర్రరక్తకణాలు సులువుగా పగిలిపోయే జన్యులోపం) ఉన్నవాళ్లకూ, గర్భిణులకూ హువాంగ్‌లియెన్, బెర్బెరిన్ వద్దు. సింగపూర్ హువాంగ్‌లియెన్‌ను 1978లో నిషేధించి చాలా ఏళ్లు కొనసాగించింది కూడా శిశువుల కామెర్ల భయంతోనే.

బాన్‌షియా అనే దుంప వాంతులు ఆపడానికి వాడేది. కంద, చేమ కుటుంబానికే చెందింది, పచ్చిగా ఉంటే కందలాగే సూది స్ఫటికాలతో నోరూ గొంతూ దురదపెట్టి మంటెత్తిస్తుంది. అల్లం, పటికతో శుద్ధి చేసినదే మందు. కషాయం తాగగానే గొంతు గీరుకుపోతే శుద్ధి సరిగా కాలేదని అర్థం.

అతిమధురం దాదాపు ప్రతి చీటీలోనూ ఉంటుంది. 2 నుంచి 10 గ్రాముల మోతాదులో వారాలు వాడితే కొందరిలో ఉప్పూ నీరూ నిలిచి బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. పొటాషియం తగ్గితే పేగు కండరం కూడా నీరసించి ఉబ్బరం, మలబద్ధకం వస్తాయి. అది చూసి దాహువాంగ్ వేసుకుంటే ఉన్న పొటాషియం కూడా పోతుంది. పిక్కలు పట్టేయడానికి జపాన్‌లో విరివిగా ఇచ్చే మందులో రోజుకు 6 గ్రాముల అతిమధురం ఉంటుంది. బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు దాన్ని పట్టేసిన రోజే వాడాలి, నెలవారీగా కాదు.

గార్డీనియా కాయ ఉన్న మందులు, ముఖ్యంగా మెనోపాజ్ ఇబ్బందులకు ఏళ్లకేళ్లు వాడే కాంపో పొట్లాలు, ప్రత్యేకమైన కథ. పేగు బ్యాక్టీరియా ఇందులోని పదార్థాన్ని మార్చాక అది పెద్దపేగు సిరల గోడల్లో చేరి అవి గట్టిపడేలా చేస్తుంది. కుడివైపు పొట్ట నొప్పి, ఉబ్బరం, విరేచనాలు, మలంలో కంటికి కనబడని రక్తం దీని గుర్తులు. కొలనోస్కోపీలో పేగు నీలి ఊదా రంగులో ఉంటుంది. జపాన్ ఆరోగ్య శాఖ ఈ మందుల లేబుళ్ల మీద హెచ్చరిక చేర్పించింది. 5 ఏళ్లకు పైగా వాడుతున్నవాళ్లు పొట్టలో ఏ ఇబ్బంది లేకపోయినా వైద్యుడితో పరీక్ష మాట ఎత్తండి.

ఎవరికి ఏది

అల్సర్, గ్యాస్ట్రైటిస్ ఉన్నవాళ్లు బంకలు, సపోనిన్ వేళ్లు, పుల్లటి షాన్‌జా, ఉమెయ్ కాయలు లేని చీటీ అడగాలి. కషాయమే వాడాలి, పరగడుపున తాగకూడదు. మోషన్లు ఎప్పుడూ పలుచగానే అయ్యేవాళ్లు రెడీమేడ్ ‘వేడి తగ్గించే’ మందులు కొనడమే మానుకుంటే మంచిది, సాంద్ర గుళికలను సగం మోతాదుతో మొదలుపెట్టాలి. షుగర్ ఉన్నవాళ్లకు తేనె గుళికలు, తీపి గ్రాన్యూల్స్ వద్దు. గర్భిణులు దాహువాంగ్, మాంగ్‌షియావ్, ముసాంబరం, సునాముఖి ముట్టవద్దు. పాలిచ్చే తల్లి ఈ మందులు వేసుకుంటే బిడ్డకూ మోషన్లు కావచ్చు. గర్భనిరోధక మాత్ర మింగిన మూడు నాలుగు గంటల్లో వాంతి అయినా, తీవ్రంగా విరేచనాలైనా ఆ మాత్ర పనిచేయలేదనే అనుకోవాలి.

జలుబుకు గాన్‌మావ్‌లింగ్ గ్రాన్యూల్స్ కొనేవాళ్లకు ఒక మాట. అది పూర్తిగా మూలికా మందు కాదు, అందులో పారాసెటమాల్ కలిపే ఉంటుంది. పైన ఇంకో పారాసెటమాల్ మాత్ర వేస్తే మోతాదు రెట్టింపు.

ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం

రోజుకు మూడు పలుచని మోషన్లు దాటితే మందు ఆపి ఓఆర్‌ఎస్ తాగండి. పెద్ద పొట్లానికి లీటరు నీళ్లు, కొలతలో తేడా రానివ్వకండి. మందే కారణమైతే ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే ఇన్ఫెక్షన్ సంగతి చూడాలి. కడుపు కుదుటపడ్డ రెండు రోజుల తర్వాత సగం మోతాదుతో, భోజనం తర్వాత మొదలుపెట్టి మూడు రోజులు గమనించండి. అదే ఇబ్బంది తిరిగి వస్తే ఇంక ప్రయత్నించకుండా చీటీ మార్పించుకోండి.

కొన్ని లక్షణాలకు ఈ పరీక్ష పనికిరాదు. మలం తారులా నల్లగా ఉన్నా, రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతూ దాన్‌షెన్, దాంగ్‌గుయ్ అనే వేళ్లు ఉన్న మందు తీసుకున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. కళ్లు పచ్చబడడం, మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం కాలేయం దెబ్బతింటున్న గుర్తు. హెషౌవు మందు వాడినవాళ్లలో ఇలాంటి కేసులు చాలా దేశాల్లో నమోదయ్యాయి, ఆపాక మళ్లీ ఎప్పటికీ మొదలుపెట్టకూడదు. వాంతులతోపాటు పెదవులు, నాలుక తిమ్మిరెక్కితే అది ఫూజి, అంటే వత్సనాభి జాతి దుంప విషం. దీన్ని మిగతా దినుసుల కంటే ముందుగా, 30 నిమిషాల నుంచి గంట దాకా విడిగా ఉడికించాలి. తొందరపడితే విషం విరగదు, గుండె లయ తప్పుతుంది. చలువ చేసిన విరేచనాలకు అని ఇచ్చే ఫూజి లీజోంగ్ గుళికల్లోనూ ఇది ఉంటుంది, మోతాదు మించకండి. తిమ్మిరి మొదలైతే ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నాలతో సమయం పోగొట్టకుండా అంబులెన్స్ పిలవండి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు చీటీ ఫొటో, పెట్టె, మిగిలిన మందు తీసుకెళ్లండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డాక్టరుకు చైనా పేర్లు అర్థం కావు, కాబట్టి మందు కొన్నప్పుడే లాటిన్ పేర్లు, గ్రాములు రాయించుకోవాలి. కషాయం ఉడికించిన పిప్పి మిగిలి ఉంటే పారేయకుండా సంచిలో కట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. చీటీలో ఒకటి రాసి గిన్నెలో ఇంకోటి పడిన సందర్భాల్లో ల్యాబ్‌కు దొరికే ఆధారం ఆ పిప్పే.